సంఘం హాలుకి ప్లాస్టిక్ తివాసీ

కార్పెట్ కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, ఉన్ని మంచిదా, నైలాన్ మంచిదా, పీపీ మంచిదా?" అని అడుగుతారు. "ఎవరి కాళ్ళకి?" అని నేను ఎదురు అడుగుతాను. రిటైరైన మనిషి చాదస్తం అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఆ చాదస్తం నాకు డుంబ్రిగుడ దగ్గర ఒక ఊళ్ళో అంటుకుంది. అదెలాగో చెప్తాను, ఓపికుంటే వినండి.

నేను పనిచేసింది విశాఖపట్నంలో, అడిగిన కొలతకీ అడిగిన రంగుకీ తివాసీలూ, నేలంతా పరిచే కార్పెట్ పలకలూ తయారుచేసే కంపెనీలో. ఏ కొనుగోలుదారుకి ఏ నూలు సరిపోతుందో చూసి చెప్పడం నా పని. వినడానికి పెద్ద పనిలా ఉండదు. మా ఆయన ఎవరికైనా నా ఉద్యోగం గురించి చెప్పాల్సి వస్తే, "ఈవిడ పొద్దున్నించి సాయంత్రం దాకా దారప్పోగులు కాల్చి వాసన చూస్తుంది" అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

మా యజమాని మంచివాడు. దేవుడి మీద ఆయన నమ్మకం ఏపాటిదో నాకు తెలియదుగానీ, ఉన్ని మీద మాత్రం అపారం. షోరూములోకి ఎవరొచ్చినా ముందు ఉన్ని తివాసీ దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లిని నిమిరినట్టు దాన్ని నిమిరి చూపించేవాడు. చలి ఆయనకి బద్ధశత్రువు. విశాఖ ఉక్కలో కూడా ఏసీ గదిలోకి వస్తే భుజాన శాలువా పడాల్సిందే. కార్పెట్ పరిచే మేస్త్రీ మరో రకం మనిషి. శ్రీకాకుళం వైపువాడు. కాళ్ళ మీద నడిచిన దూరం కంటే మోకాళ్ళ మీద పాకిన దూరమే ఎక్కువని అతనే చెప్పుకునేవాడు. నోరు మాత్రం ఎప్పుడూ నిలబడే ఉండేది.

ఒకరోజు షోరూముకి అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చారు. కొండల మీద డుంబ్రిగుడ మండలంలో కాఫీ పండించే ఆదివాసీ మహిళల సంఘం వాళ్ళది. ఊళ్ళో కొత్తగా హాలు కట్టుకున్నారు. మీటింగులకీ, కాఫీ కొనడానికి వచ్చేవాళ్ళని కూర్చోబెట్టి రుచి చూపించడానికీ అదే చోటు. సిమెంటు గచ్చు చలికాలంలో మంచుగడ్డలా ఉంటోందనీ, ముసలివాళ్ళు కింద కూర్చుంటే మళ్ళీ లేవలేకపోతున్నారనీ, నేలంతా కార్పెట్ కావాలనీ సంఘం ప్రెసిడెంటమ్మ చెప్పింది. నలభై దాటిన మనిషి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. తక్కువ మాట్లాడి ఎక్కువ చూసేది.

చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి అందరూ ఉన్ని తివాసీ మీద అటూ ఇటూ నడిచారు. వాళ్ళతో వచ్చిన ఒక ముసలవ్వ దాని మధ్యలో చతికిలబడి, "నాను రాను. మీరెల్లిపోండి" అంది. మా యజమానికి కళ్ళు చెమర్చాయి. ఉన్నిని అర్థం చేసుకున్న మనిషి ఎట్టకేలకు ఒకరు దొరికారు ఆయనకి. "మీ హాలుకి ఉన్నే వేస్తాం, నా పూచీ" అని అక్కడికక్కడే మాటిచ్చేశాడు.

కొలతలు తీసుకోవడానికి నేనూ మేస్త్రీ వెళ్ళాం. మేం వెళ్ళిన రోజున అక్కడ వాన. ముందురోజూ వానే, మర్నాడు కూడా వానేనట. హాలు బాగుంది, వెడల్పాటి కిటికీలు, మంచి రేకుల కప్పు. గోడల అడుగున మాత్రం పాకుడు పచ్చగా పైకి ఎగబాకుతోంది. ఆ రోజు మీటింగు ఉండడంతో ఆడవాళ్ళు కాఫీ తోటల నుంచి నేరుగా వచ్చి కూర్చుంటున్నారు. పిక్కల దాకా ఎర్రబురద. చీర కుచ్చెళ్ళు తడి. గొడుగులు మూల ఆనించగానే ఒక్కో గొడుగు కింద ఒక్కో చిన్న చెరువు. ఒక కుక్క లోపలికి వచ్చి ఒళ్ళు విదిలించుకుని, అందరికీ తలా కాస్త పంచి వెళ్ళింది. ఆ పైన అందరికీ కాఫీ వచ్చింది. గ్లాసులు చేతులు మారుతుంటే కొంత నేల కూడా తాగింది.

నేను గోడకి ఆనుకుని ఆ నేల మీద ఉన్నిని ఊహించుకున్నాను. ఉన్ని నీటిని తాగుతుంది, తాగాక వదలదు. ఇక్కడ ఎండ కనిపించేసరికి అది కుళ్ళుతుంది, పురుగు పడుతుంది. మొదటి వానాకాలానికే ఆ హాల్లో తడిసిన గొర్రెల మంద పడుకున్న వాసన వస్తుంది. రెండో వానాకాలానికి తివాసీని బయట పారేస్తారు. మా కంపెనీ పేరు కూడా దాంతోనే పోతుంది.

మీటింగు అయ్యాక ప్రెసిడెంటమ్మతో చెప్పాను.

"అమ్మా, ఉన్ని ఇక్కడ నిలవదు. పీపీ వేయించుకోండి."

"అదేటి?"

పక్కనే ఉన్న మేస్త్రీ నన్ను మోచేత్తో పొడిచాడు. నేను పట్టించుకోలేదు.

"పాలీప్రొపిలీన్ అంటారు. ఒక రకం ప్లాస్టిక్ పోగు. మీరు కాఫీ గింజలు పోసే తెల్ల సంచులు ఉన్నాయి చూశారా, అదీ ఇదీ ఒకే జాతి. ఇది చుక్క నీరు తాగదు."

నేను నీటి గురించి చెబుతున్నాను. ఆమె సంచి దగ్గరే ఆగిపోయింది.

"సంచా?"

"అంటే, ఆ జాతి నూలు..."

"సర్కారోలు మాకిచ్చిన కుట్టుమిషన్లకి సూదుల్లేవు" అంది ఆమె నెమ్మదిగా. "మాకొచ్చిన గొడుగులకి ఊసల్లేవు. ఇప్పుడు తివాసీకి ఉన్ని నేదు. ఇశాపట్నం ఓటల్లకి గొర్రిబొచ్చు, కొండోలకి గోనిసంచి. అంతేనా మేడమ్మా?"

అరిచి ఉంటే బాగుండేది, అరిచినవాళ్ళకి జవాబు చెప్పడం తేలిక. ఆమె మామూలు గొంతుతోనే అని, గ్లాసులు ఏరుకుంటూ వెళ్ళిపోయింది. హాల్లో ఎవరూ మా వైపు చూడలేదు.

ఘాటీ దిగుతున్నంతసేపూ మేస్త్రీ నన్ను వదల్లేదు.

"సంచీ ఊసెందుకెత్తినారు మేడమ్? ఒలెఫిన్ అని ఇంకో పేరున్నాది కదా దీనికి. అది సెప్పీసుంటే పోయీది. ఇంగిలీసులో సెప్తే ఎవులికీ కోపం రాదు."

"వాళ్ళకి తెలియాలి కదయ్యా."

"తెలిసీసింది. ఇంకేటి, బేరం కొండెక్కీసింది."

ఆఫీసులో యజమాని అంతకంటే ఎక్కువ బాధపడ్డాడు. "వాళ్ళు ఉన్ని అడిగారు, నేను ఉన్ని ఇస్తానన్నాను. మధ్యలో మీకేమిటి మేడమ్ గారూ? అమ్మేవాడికి కొనేవాళ్ళ మీద ఇంత ప్రేమ ఉంటే షట్టర్ దించుకోవాల్సిందే" అన్నాడు. నాకు ఒక్క అవకాశం ఇమ్మని అడిగాను. ఉన్ని ముక్కొకటి, పీపీ ముక్కొకటి ఆ హాలు గుమ్మంలో పక్కపక్కన వేసి ఉంచుదాం. వానలు తగ్గేదాకా ఊరంతా తొక్కనివ్వండి, ఆ తర్వాత వాళ్ళే చెప్తారు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఉన్ని గెలుస్తుందన్న ధీమా ఆయనది.

ప్రెసిడెంటమ్మ కూడా ఒప్పుకుంది. అంత సులువుగా ఎందుకు ఒప్పుకుందో నాకప్పుడు అర్థం కాలేదు. వాళ్ళ గుమ్మానికి కాళ్ళు తుడుచుకునే పట్టాలు లేవని తర్వాత తెలిసింది.

వానలు తగ్గుముఖం పట్టాక మళ్ళీ వెళ్ళాం. ఆ గుమ్మాన్ని దాటని కాలు ఆ ఊళ్ళో లేదు. సంతకి వెళ్ళేవాళ్ళు కూడా దారి తప్పించుకుని వచ్చి మరీ తొక్కి పోయారట. ఉన్ని ముక్క నీళ్ళు తాగీ తాగీ బరువెక్కి, ఒక చివర నల్లబడింది. కుక్క దాన్ని సొంతం చేసుకుంది. మేం దగ్గరికి వెళితే అది కదల్లేదు సరికదా, మమ్మల్నే ఎవరన్నట్టు చూసింది. పీపీ ముక్క కంచె మీద వేలాడుతోంది. బురద ఎండాక కర్రతో కొడితే రాలిపోయిందనీ, నీళ్ళు పోసి గాలికి ఆరేస్తే బేగి ఆరిపోయిందనీ ఆడవాళ్ళు చెప్పారు. కాఫీ ఒలికినా మరక నిలవలేదట.

నా ముఖంలో గెలుపు కనిపించినట్టుంది, ప్రెసిడెంటమ్మ వెంటనే పీపీ ముక్కని దించి నా ముందు పరిచింది. "ఇది సూడు" అంది. ఒకచోట బెంచీ కాలు ఆనిన గుంట. పోగులు అణిగిపోయి అలాగే ఉండిపోయాయి, లేవలేదు.

"అవునమ్మా. దీనికి ఆ జబ్బుంది. బరువు మోపితే అణిగిపోతుంది, ఉన్ని లాగా తిరిగి లేవదు. పోగు పొట్టిగా, దగ్గరదగ్గరగా నేయిస్తే కొంత నయం."

షోరూములో చతికిలబడ్డ ముసలవ్వ కూడా అక్కడే ఉంది. అరికాలితో ఆ ముక్కని ఒకసారి రాసి, పెదవి విరిచింది. "ఇది కాలికి ఏటీ సెప్పదు. అది సెప్పింది" అంది ఉన్ని వైపు చూపిస్తూ. ముప్పై ఏళ్ళు ఫైబర్ల గురించి చదివిన ఏ పుస్తకంలోనూ ఉన్ని మెత్తదనాన్ని అంత బాగా చెప్పలేదు. "నిజమేనమ్మా" అన్నాను.

"ఇంకేటున్నాయి దీని తప్పులు?" అంది ప్రెసిడెంటమ్మ. "ఇప్పుడే అన్నీ సెప్పు. తరవాత నాను కనిపెడితే బాగోదు."

"నూనె మరకని పట్టుకుంటుంది. నీటి మరకని వదిలినట్టు దాన్ని వదలదు. ఇంకా... నిప్పుకి ఆగదు."

"సూపించు."

నిప్పు కావాలి. చుట్టూ చూశాను. అవ్వ నోట్లోంచి చుట్ట తీసి నా చేతికిచ్చింది. మీలో ఉత్తరాంధ్ర వాళ్ళుంటే తెలిసే ఉంటుంది, మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, అంటే కాలే కొస నోటి లోపలికి పెట్టుకుంటారు. అంతవరకూ ఆవిడ నోట్లో నిప్పుందనే నాకు తెలియదు. ఆ చుట్టతో ముందు ఉన్ని పోగుని అంటించాను. వెంట్రుకలు కాలిన వాసన వేసి, కాస్త బూడిదై, దానంతటదే ఆరిపోయింది. తర్వాత పీపీ పోగుని అంటించాను. అది ముడుచుకుని, కరిగి, నల్లటి బొట్టై నేల మీద పడింది. ఆడవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"ఐపోనాది" అని మేస్త్రీ నా వెనక గొణిగాడు.

వాళ్ళు తమ భాషలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదుగానీ, తగువు అర్థమైంది. ఒకామె ఉన్ని ముక్కని చేత్తో పట్టుకుని వాదించింది. ఇంకొకామె ముక్కు మూసుకుని దాన్ని వెనక్కి నెట్టింది, అందరూ నవ్వారు. ఒకరు పీపీ పోగుని నీళ్ళ చెంబులో పడేశారు, అది మునగకుండా తేలింది, దాని మీద మళ్ళీ చర్చ. నేనూ మేస్త్రీ బెంచీ మీద కూర్చుని, పెళ్ళిచూపుల్లో పిల్లవైపువాళ్ళలా ఎదురుచూశాం. చివరికి ప్రెసిడెంటమ్మ నా వైపు తిరిగింది.

"వాన ఆపలేం. నిప్పు ఆపగలం. ఇదే ఎయ్యండి."

అంతే తీర్మానం. హాలు గడప లోపలికి నిప్పు రాకూడదని అక్కడే కట్టడి పెట్టుకున్నారు. కుంపటి, బీడీ, చుట్ట, ఏదీ రాకూడదు. తెచ్చినవాళ్ళు ఎవరైనా సంఘానికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. "నిప్పు నా నోట్లో ఉన్నాది. బయిటికెక్కడొస్తాది?" అని నిలదీసింది. ఆ ప్రశ్న మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. తుదకి ఆవిడ గడప మీదే కూర్చోవాలనీ, కాళ్ళు లోపల, మూతి బయట ఉండొచ్చనీ రాజీ కుదిరింది.

యజమాని ఈ వార్త విని ఉన్ని తివాసీని కాసేపు నిమిరి, "వాళ్ళ ఖర్మ" అన్నాడు.

రంగు దగ్గర ఇంకో పేచీ వచ్చింది. హాలంతా మట్టిరంగు పలకలూ, మధ్యలో కాఫీ రుచి చూసేవాళ్ళు చుట్టూ కూర్చునే గుండ్రటి తివాసీ ఒకటీ కావాలన్నారు. ఆ తివాసీకి పండిన కాఫీ పండు ఎరుపే కావాలని పట్టుబట్టారు. ఉన్నికైతే నేసేముందు ఏ రంగైనా అద్దొచ్చు. పీపీకి రంగు అంటదు. ప్లాస్టిక్ కరిగి ఉన్నప్పుడే అందులో రంగు కలపాలి. బిడ్డ పుట్టకముందే పేరు పెట్టినట్టన్నమాట. అందుకే ఎండకి వెలిసిపోదు, ఉతికినా పోదు. కాకపోతే నూలు మిల్లువాడి దగ్గర ఉన్న రంగుల్లోంచే ఏరుకోవాలి. వాడి దగ్గర ఉన్న ఎరుపులు మూడు. ఒకటి ఇటుక, ఒకటి సింధూరం, ఒకటి అచ్చం శుభలేఖ.

ప్రెసిడెంటమ్మ గుప్పెడు పళ్ళు కోసి, విశాఖ వచ్చే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. అవి మాకు చేరేసరికి నల్లగా మాగి ఉన్నాయి. యజమాని పొట్లం విప్పి చూసి, "తివాసీ నలుపులో అడుగుతున్నారా?" అన్నాడు. ఇక లాభం లేదని, దొరికినన్ని మిల్లుల రంగు పోగులూ సంచిలో వేసుకుని నేనే తోటలోకి వెళ్ళాను. కొమ్మ పక్కన ఒక్కో పోగునీ పట్టుకుని చూశాం. ఒక్కో చెట్టు పండు ఒక్కో ఎరుపు. ఆడవాళ్ళు ఎవరి చెట్టు పక్షాన వాళ్ళు మాట్లాడారు. చివరికి ఎవరి చెట్టుకీ పూర్తిగా సరిపోని ఎరుపొకటి అందరికీ నచ్చింది. ఆ రోజే ప్రెసిడెంటమ్మ నన్ను మేడమ్మా అనడం మాని, అప్పా అంది. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

పలకలు పరిచే వారమంతా మేస్త్రీ అక్కడే ఉన్నాడు. పలకల్లో ఉన్న సుఖం అతను వాళ్ళకి చూపించాడు. ఒకటి పాడైతే నేలంతా పీకక్కర్లేదు, ఆ ఒక్కటే లేపి కొత్తది అమర్చుకోవచ్చు. అదే రంగు పలకలు కొన్ని అదనంగా తెచ్చి హాలు అటక మీద పెట్టాడు. "ఇవి దాసుకోండి. మా మేడమ్ సెప్పినవన్నీ నిజాలే, అదే భయం" అన్నాడట.

మీటింగులు ముందునించీ జరుగుతున్నా, హాలు ప్రారంభోత్సవం మాత్రం చలికాలంలో పెట్టారు. పొద్దున్న మంచు ఎంతకీ విడలేదు. పక్కన నిలబడ్డ మనిషి గొంతు వినిపిస్తోంది గానీ ముఖం కనపడటం లేదు. కాఫీ కొనేవాళ్ళు పై రాష్ట్రాల నుంచి వచ్చారు. ఒక పెద్ద అధికారి వచ్చాడు. నిజంగా మంచి మనిషి, వస్తూనే ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టాడు. మా యజమాని కూడా వచ్చాడు. శాలువా, దాని మీద ఇంకో శాలువా, మంకీ క్యాప్. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి కూడా వణుకుతున్నాయి.

ప్రెసిడెంటమ్మ బయట వచ్చేవాళ్ళని పలకరిస్తోంది. మేస్త్రీ టిఫిన్ల దగ్గర ఉన్నాడు. నేను మధ్యలో ఉన్న ఎర్ర తివాసీ అంచు సర్దుతున్నాను. పెద్దలకి కుర్చీలు వేశారు. నేను తల ఎత్తేసరికి యజమాని కుర్చీ కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. పెరట్లో వంటవాళ్ళని బతిమాలి కుంపటి తెప్పించుకుని కుర్చీ కింద పెట్టించుకున్నాడు మహానుభావుడు! ఆ వంటవాళ్ళు పక్క ఊరి నుంచి వచ్చినవాళ్ళు, కట్టడి సంగతి వాళ్ళకి తెలియదు. మా యజమానికి నేనే రెండుసార్లు చెప్పాను. ఆయన తల కూడా ఊపాడు. ఉన్ని గురించి కానిది ఏం చెప్పినా ఆయన తల ఊపుతాడని నాకు తెలిసుండాల్సింది.

"సార్, కుంపటి!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి లేచాడు. మడమ తగిలి కుంపటి బోర్లా పడింది. నిప్పులు దొర్లాయి. ఎవరో చెంబుడు నీళ్ళు పోశారు, ఇంకెవరో బిందె బోర్లించారు. నిప్పు ఆరింది. కానీ ప్లాస్టిక్ కాలిన కంపు హాలంతా కమ్ముకుంది. మట్టిరంగు పలకల మీద నల్లటి గుంటలు పడ్డాయి, వాటి అంచులు లక్క కరిగినట్టు మెరుస్తున్నాయి.

అధికారి వంగి ఒక గుంటని వేలితో తట్టాడు. ఠక్కుమంది.

"ఇది ప్లాస్టిక్ కదా?" అన్నాడు. ముఖం ఎర్రబడింది. "ఈ చలిలో, కింద కూర్చునే ఈ ఆడవాళ్ళకి ప్లాస్టిక్ వేశారా? నగరంలో ఏ ఆఫీసుకైనా ఇలా వేస్తారా మీరు? వాళ్ళకి తెలియదనే కదా ఇది అంటగట్టారు? ఎవరిదీ కంపెనీ?"

మా యజమాని మంకీ క్యాప్ లోంచి బయటికి వచ్చాడు. "సార్, నేను ఉన్నే చెప్పాను సార్. మొదట్నించీ ఉన్నే. ఈ మేడమ్ గారే పట్టుబట్టి..." అంటూ వేలు నా వైపు చూపించాడు.

అందరూ నన్ను చూశారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషిని. కొండల్లో ఆదివాసీ ఆడవాళ్ళని మోసం చేసిన ఉద్యోగిగా ఇంటికి వెళ్ళబోతున్నానా అనిపించింది. పీపీ గుణగణాలన్నీ నాకు కంఠతా వచ్చు. వాటిని చెప్పబోయాను.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ప్రెసిడెంటమ్మ గొంతు వినిపించింది.

"ఎవులూ అంటగట్టనేదు సారూ. మేం ఏరుకున్నాం."

ఆమె లోపలికి వచ్చింది. అధికారి కాస్త తగ్గి, "అమ్మా, ఇది ప్లాస్టిక్ అని మీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు. కాఫీ సంచి జాతి. నిప్పు తగిల్తే కరుగుతాది. బెంచీ కాలెడితే గుంట పడతాది. నూని పడితే పోదు. అన్నీ అప్ప సెప్పినాది, మా కళ్ళముందర కాల్చి సూపించినాది. ఉన్ని కూడా సూసినాం. వానకి మా కుక్కొక్కటే దాని మీద పడుకుంది. మా కాల్లకి ఏది కావాలో మేం సూసుకున్నాం, సంఘంలో మాటాడుకున్నాం, సంఘం సొమ్ముతో కొనుక్కున్నాం. ఇచ్చీవోలు ఎవులూ నేరు ఇక్కడ, మేం పుచ్చుకున్నదీ నేదు."

గడప మీద కూర్చున్న అవ్వ, చుట్ట తీయకుండానే, "ఊఁ" అంది.

అధికారి ఒక్క క్షణం ఆమెని చూసి, చేతులు జోడించాడు. "పొరపాటుగా మాట్లాడాను. మిమ్మల్నే ముందు అడగాల్సింది" అన్నాడు. అంత మంది ముందు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ప్రెసిడెంటమ్మ సరే అన్నట్టు తల ఊపి, బోర్లా పడిన కుంపటి వైపు చూసింది.

"ఇప్పుడు సెప్పండి. నిప్పు ఎవులు తెచ్చినారు?"

హాల్లో ఉన్న ప్రతి చూపూ ఒకే మంకీ క్యాప్ మీదికి వెళ్ళింది.

"చలికి... కొంచెం..." అన్నాడు మా యజమాని.

"కట్టడి ఉన్నాది బాబూ. తప్పు కట్టాల. ఒక మేక."

"మేకా? నేను శాకాహారినమ్మా!"

"తినమనట్లేదు. కట్టమంటన్నాం."

ముందు నవ్వింది అధికారి. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. కాఫీ కొనడానికి వచ్చినవాళ్ళకి తెలుగు రాదు. పక్కవాళ్ళు వివరించాక వాళ్ళు విడిగా ఇంకోసారి నవ్వారు. మా యజమాని మొదట బిక్కచచ్చి, తర్వాత చేసేదేమీ లేక తనూ నవ్వేశాడు. ఊళ్ళోవాళ్ళే మేకని చూసిపెట్టారు. ఆయన డబ్బిచ్చి, దాని మొహం చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

ఈ గొడవలో మేస్త్రీ ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు. అటక మీది పలకలు దించి, కత్తి మొనతో కాలిన వాటి మూలలు లేపి, కొత్తవి కూర్చేశాడు. మేక మాట తేలేసరికి నేల నేలలా ఉంది. "సూసినారా, ఉన్నయితే ఈపాటికి అందరం కూకుని ఏడుద్దుం" అన్నాడు యజమానికి వినపడేలా. నిజానికి ఉన్ని అయితే ఆ నిప్పుకి కాస్త కమిలి ఊరుకునేది. ఆ సంగతి నాకూ అతనికీ తెలుసు. ఆ ఒక్క రోజుకి నేను నిజం చెప్పకుండా ఊరుకున్నాను.

భోజనాలకి అందరూ ఎర్ర తివాసీ చుట్టూ కింద కూర్చున్నారు. యజమాని కూడా బూట్లు విప్పి కూర్చున్నాడు. ఆయన కోసం విడిగా రాజ్‌మా కూర వండించి, వేడివేడిగా కాఫీ ఇచ్చారు. రెండు గ్లాసులయ్యాక నా వైపు జరిగి, "మేడమ్ గారూ, ఆ చలిలో నాలుక కొంచెం జారింది" అన్నాడు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయన దగ్గర దొరకదని నాకు తెలుసు, తీసేసుకున్నాను.

పిల్లలూ, మీరు ఏ నూలు అమ్మినా దాని గొప్పతో పాటు దాని రోగమూ చెప్పండి. నీతి కోసం కాదు. చెప్పని రోగం ఎప్పటికైనా మీదవుతుంది. చెప్పిన రోగాన్ని కొన్నవాళ్ళే తమదనుకుని కాచుకుంటారు. ఇంతకంటే వ్యాపార సూత్రం నాకు తెలియదు.

బయల్దేరేముందు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే అక్కడ ప్రెసిడెంటమ్మ కనిపించింది. మొహమాటపడుతూనే ఆమె చేయి పట్టుకున్నాను.

"ఇవాళ నువ్వు రాకపోతే నా పరువు పోయేదమ్మా. నన్ను కాపాడావు" అన్నాను.

ఆమె నా చేతిలోంచి చేయి తీసుకుని, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది.

"నిన్నెవులు కాపాడినారప్పా? నీది తప్పయితే ఆ మేక నిన్నే అడుగుదుం."